మాట ఎక్కడిది? ఈ నెల మాట: ‘సెట్’

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే చిన్న ఇంగ్లీషు మాట చుట్టూ తిరిగాయి. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, ఆ ఐదింటికే ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. అది అంత జవాబుకీ తగిన ప్రశ్నే.

టీచరుగారూ, నేను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న తాపీమేస్త్రి. స్లాబ్ వేసిన రోజు ‘ఇంకా సెట్ అవ్వలేదు, ఎవరూ ఎక్కకండి’ అని అరుస్తాడు. నాకు లెక్కల్లో సెట్ థియరీ ఉంది. ఆంధ్ర వైపు పాతపట్నంలో మా అత్త కూతురు పాలిసెట్‌కి చదువుతోంది. అక్క పెళ్ళికి అమ్మ నగల సెట్ చూస్తోంది. ఇంగ్లీషు నిఘంటువు తీస్తే ఈ మాటకి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇవన్నీ ఒకటే మాటా? ఇన్ని అర్థాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?
– విద్యార్థిని, గుణుపురం

ఇంట్లో రోజూ చెవిన పడే మాటల్ని ఇలా ఒకచోట చేర్చి చూశావు. నాకు చాలా సంతోషంగా ఉంది తల్లీ.

ముందు సూటిగా చెబుతాను. నువ్వు చెప్పిన నాలుగింటిలో మూడు వేరువేరు మాటలున్నాయి. మీ నాన్నగారి స్లాబ్‌ది ఒకటి. నీ లెక్కలదీ, మీ అమ్మ చూస్తున్న నగలదీ రెండోది. పాలిసెట్ మూడోది.

మూడోదాన్ని ముందే తేల్చేద్దాం. అందులోని ‘సెట్’ అసలు మాట కాదు. కామన్, ఎంట్రన్స్, టెస్ట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు. ఇంగ్లీషులో అది ‘సి’తో మొదలవుతుంది, మిగతా రెండూ ‘ఎస్’తో మొదలవుతాయి. తెలుగులో రాసేసరికి ఆ తేడా పోయింది. ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్ అని మనం అక్షరాల్ని కలిపి మాటలా పలుకుతాం. మహారాష్ట్రలో అలాంటి పరీక్షని ‘సీఈటీ’ అని విడివిడిగా పలుకుతారు. ఆంధ్రలో 2021లో ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది. అయినా ఇళ్ళల్లో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు. ఇంగ్లీషులోని అసలు ‘సెట్’తో దీనికి చుట్టరికం లేదు.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఇది క్రియ. ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. పాత ఇంగ్లీషులో ‘సిత్తన్’, ‘సెత్తన్’ అనేవారు. తానే చేసే పనికి ఒక రూపం, ఇంకొకరితోనో ఇంకొకదానితోనో చేయించే పనికి ఇంకో రూపం. మనకిది కొత్తేమీ కాదు. లేచు–లేపు, దిగు–దించు, మేయు–మేపు, మునుగు–ముంచు. ఆవు మేస్తుంది, మనిషి ఆవుని మేపుతాడు. ఇంగ్లీషులో ఇలాంటి జంటలు కొన్నే మిగిలాయి: సిట్–సెట్, లై–లే, రైజ్–రెయిజ్, ఫాల్–ఫెల్. నా దగ్గర చదువుకున్న పిల్లలు లై, లేల దగ్గర ఎప్పుడూ తడబడేవారు. పడుకోవడం, పడుకోబెట్టడం అని తెలుగులో చెబితే వెంటనే అందుకునేవారు.

ఈ కూర్చోవడం అనే ధాతువు ఇంగ్లీషుదొక్కదానిదే కాదు. ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతం ఒకే పెద్ద కుటుంబంలోని భాషలు. సంస్కృతంలో అదే ధాతువు ‘సద్’. పదిమంది కూర్చునే చోటు సదస్సు. చుట్టూ కూర్చునేది పరిషత్తు. గురువు దగ్గర కింద కూర్చుని విన్నది ఉపనిషత్తు. లాటిన్ నుంచి వచ్చిన ‘సెషన్’, ‘ప్రెసిడెంట్’ కూడా ఈ ఇంటివే. అందరి ముందూ కూర్చునేవాడు ప్రెసిడెంట్. వీటిలో నాకు బాగా ఇష్టమైనది ‘నీడము’. పక్షి గూడుకి సంస్కృతం నుంచి మన కావ్యాల్లోకి వచ్చిన పేరు అది. నీడ అనే తెలుగు మాటకీ దానికీ సంబంధం లేదు. ‘ని’ అంటే కింద, దానికి ఈ సద్ ధాతువు చేరింది. దిగి కూర్చునే చోటు అన్నమాట. ఇంగ్లీషు ‘నెస్ట్’ కూడా అచ్చంగా ఆ రెండు ముక్కలే. వేల ఏళ్ళ కింద విడిపోయిన భాషలు గూటి పేరు మాత్రం పారేయలేదు.

మరి కూర్చోబెట్టడం నుంచి ఇన్ని వందల అర్థాలు ఎలా పుట్టాయి? దీనికి జవాబు కోసం ఇంగ్లండు వెళ్ళక్కర్లేదు. మన ‘పెట్టు’ చూడు. అన్నం పెట్టు, దీపం పెట్టు, పేరు పెట్టు, దణ్ణం పెట్టు, తాళం పెట్టు, ముహూర్తం పెట్టు, మనసు పెట్టు, ఖర్చు పెట్టు, పరుగు పెట్టు. కోడి గుడ్డు పెడుతుంది, పిల్లాడు కేకలు పెడతాడు, టీచరు పరీక్ష పెడుతుంది. ఎన్ని అర్థాలని ఎవరైనా అడిగితే నువ్వు తడుముకుంటావు, కానీ వాడేటప్పుడు ఎప్పుడూ తప్పు చేయవు. ఇంగ్లీషువాళ్ళకి ‘సెట్’ అంతే. ముహూర్తం పెట్టడానికి వాళ్ళూ సెట్టే అంటారు. నిప్పు పెట్టడానికీ, ధర పెట్టడానికీ, పరీక్షకి పేపరు తయారుచేయడానికీ సెట్టే. ‘పెట్టు’ ద్రావిడ మాట, ‘సెట్’ జర్మానిక్ కుటుంబపు మాట. రెంటికీ రక్తసంబంధం లేదు. ఒక వస్తువుని ఒక చోట ఉంచడం మనిషి రోజంతా చేసే పని కాబట్టి ఏ భాషలోనైనా ఆ పని చెప్పే మాట మీద ఎక్కువ బరువు పడుతుంది. పెద్ద పెద్ద మాటలకి ఒకటో రెండో అర్థాలే ఉంటాయి, చిన్న మాటలకి వందలుంటాయి. కారణం ఇదే.

ఎన్ని వందలు? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే పొడవైన పద్దు ఈ ‘సెట్’ క్రియదే: 430 అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ. ఒక నవలంత ఉంటుంది. తర్వాత చేస్తున్న సవరణలో ‘రన్’ దాన్ని దాటిపోయింది, 645 అర్థాలతో. అదీ చిన్న మాటే, అదీ ఒంటితో చేసే పనే.

మీ నాన్నగారి సెట్ దగ్గరికి వద్దాం. పెట్టినది పెట్టిన చోటే కదలకుండా ఉండిపోతే అదీ సెట్ కావడమే. పెరుగు తోడుకోవడం, జెల్లీ గట్టిపడటం, విరిగిన ఎముకని సరిచేసి కట్టుకట్టడం అన్నీ ఈ దారిలో వచ్చినవే. సిమెంటులో నీళ్ళు కలిపాక జరిగే రసాయన చర్య వల్ల ముద్ద బిగుసుకుంటుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా ఆ పని పూర్తవాలి. మరీ తొందరగా బిగిస్తే మేస్త్రికి పోసి సర్దే వ్యవధి ఉండదు కాబట్టి ఫ్యాక్టరీలోనే కొంత జిప్సం కలుపుతారు. బిగుసుకోవడం వేరు, బలం రావడం వేరు. బలం రావడానికి రోజుల తరబడి నీళ్ళు కట్టాలి. మీ నాన్నగారు ఎక్కవద్దని అరవడం పూర్తిగా న్యాయమే, సెట్ అయిన మర్నాడు అరిచినా న్యాయమే. ఇంకొక మాట: కింద కొట్టే చెక్కల పనిని కొందరు పిల్లలు ‘సెట్టింగ్’ అని రాస్తుంటారు. అది ‘సెంట్రింగ్’. దాని పుట్టుక వేరు.

చెరకు రైతులకి కూడా ఈ మాట దగ్గరిదే. నాటడానికి కోసిన చెరకు ముచ్చెని ఇంగ్లీషులో ‘సెట్’ అనే అంటారు. భూమిలో పెట్టేది కాబట్టి ఆ పేరు వచ్చింది. వ్యవసాయ శాఖ ఇంగ్లీషు కాగితాల్లో దాని చివర ఇంకో ‘టి’ కనిపిస్తుంది. అచ్చు తప్పనుకోవద్దు, అలా రాయడమే వాడుక.

రెండో మాట, అంటే నీ లెక్కల సెట్, నగల సెట్, టీ సెట్. ఇది నామవాచకం. దీని ప్రయాణం వేరు. లాటిన్‌లో ‘సెక్వీ’ అంటే వెంట నడవడం. దాన్నుంచి ‘సెక్తా’, అంటే ఒకరి వెంట నడిచేవాళ్ళ గుంపు. అది పాత ఫ్రెంచిలో ‘సెత్తె’ అయి ఇంగ్లీషులోకి వచ్చింది. మతంలో శాఖని ‘సెక్ట్’ అంటారే, అదీ ఇదీ తోబుట్టువులు. ‘సీక్వెన్స్’, హోటల్లో ‘స్వీట్’ అనే పెద్ద గది, పెళ్ళికొడుకు వేసుకునే సూటు, అన్నీ ఆ వెంట నడిచే మాట సంతానమే. ఈ ధాతువూ మనకి కొత్త కాదు. సంస్కృతంలో అది ‘సచ్’, వెంట ఉండడం. రాజు వెంట ఉండేవాడు సచివుడు. సఖుడు, సఖి అనే మాటల్ని కూడా పండితులు ఈ ధాతువుకే కలుపుతారు. మీ అమ్మ చూస్తున్న హారం, కమ్మలు, గాజులు ఒకదానికొకటి సఖులని అనుకో, సెట్ అనే మాట ఇంకెప్పుడూ మరిచిపోవు.

ఈ రెండు మాటలూ ఇంగ్లీషులో ఒకే ఉచ్చారణకి చేరాక ఒకదాని అర్థంలోకి ఇంకొకటి చొరబడ్డాయి. సినిమా సెట్ ‘పెట్టిన’ సెట్. రేడియో సెట్, టీవీ సెట్‌లలో వస్తువుల ‘సమూహం’ అనే అర్థం వినిపిస్తుంది. ఇక ‘ఈ రంగు నీకు సెట్ అయింది’, ‘వాళ్ళిద్దరికీ సెట్ అవ్వదు’ అనేవి మన వాడుకలు. ఇంగ్లీషువాళ్ళు అలా అనరు. మాట మన ఇంటికి వచ్చాక మన ఇంటి పని కూడా చేస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ ఇంగ్లీషు వ్యాసంలో అలా రాయకు.

ఎలా గుర్తుపెట్టుకోవాలని అడిగావు. అర్థాల జాబితా బట్టీ పట్టొద్దు. ఏ మాట పక్కన వచ్చిందో దానితో కలిపి నేర్చుకో. ‘సెట్ ఆఫ్’ అంటే బయల్దేరడం. ‘సెట్ ఇన్’ అంటే వానో చలో పట్టుకోవడం. కోర్టు వార్తలో ‘సెట్ అసైడ్’ అంటే కింది కోర్టు తీర్పుని కొట్టేయడం, ఇంటి ఖర్చుల్లో అదే మాటకి డబ్బు విడిగా తీసి ఉంచడం. పరీక్ష రాసేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. ఈ క్రియకి భూతకాలంలోనూ రూపం మారదు. ‘సెట్టెడ్’ అనేది లేదు. పాత ఇంగ్లీషులో భూతకాలపు రూపం ‘సెత్తె’. చివరి అచ్చు కాలక్రమంలో రాలిపోయి రెండూ ఒకటైపోయాయి. పుట్, కట్, హిట్ కూడా ఇలాగే మారకుండా ఉంటాయి.

మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆయన చేసిన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ఆయనకి ముందు అలాంటి పుస్తకం లేదు. ప్రతి మాటా మాట్లాడేవాళ్ళ నోట విని రాసుకోవలసిందే. నువ్వు మీ నాన్నగారి నోట, మీ అమ్మ నోట విన్న మాటల్ని నాకు రాసి పంపావు. ఆ అలవాటు వదలకు.

అమ్మా, మాది పట్టుచీరల దుకాణం. పెళ్ళివాళ్ళకి ఆడపిల్లకి చీర, మగపిల్లాడికి జోడా కలిపి ఇస్తాం. విశాఖ నుంచి వచ్చేవాళ్ళు ‘సెట్ ఎంత?’ అని అడుగుతారు. జోడా, జత, సెట్ మూడూ ఒకటేనా?
– బరంపురం

ఒకటి కాదు అయ్యా. జోడా, జోడు, జత అంటే రెండు ఉండాలి. సెట్‌కి సంఖ్య లేదు. రెండైనా సెట్టే, ఆరు కప్పులూ ఆరు సాసర్లూ కెటిలూ కలిపినా సెట్టే. ఒకదాని కోసం ఒకటి చేసినవై ఉండాలన్నది దాని షరతు. ఒకటి తీసేస్తే మిగిలినది వెలితిగా కనిపించాలి.

మీ సరుకు విషయంలో మాత్రం నాకొక పట్టుదల ఉంది. దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు రిజిస్టరులో ఎక్కిన పేరు ‘బరంపురం పట్టా (ఫోడా కుంభ) చీర, జోడా’. మగవాళ్ళ పట్టుబట్టకి ‘జోడా’ అనే పేరు చట్టం దాకా వెళ్ళి నిలబడింది. బరంపురంలో మగ్గాల మీద ఇన్ని తరాలు నేసిన దేవాంగుల ఇళ్ళలో చాలా మంది ఇంటి భాష తెలుగు, అమ్మకం భాష ఒడియా. ఆ రెండు భాషలకీ ఉమ్మడి మాట ‘జోడా’. విశాఖవాళ్ళు సెట్ అని అడిగితే అడగనివ్వండి. బిల్లు మీద మాత్రం చీర, జోడా అనే రాయండి.

చెరువులో చేపల వేలం ప్రకటనలో ‘అప్‌సెట్ ప్రైస్’ అని ఉంది. అప్‌సెట్ అంటే మనసు బాగోకపోవడం కదా? ధరకి మనసేమిటి?
– రాయగడ

ఈ ‘అప్‌సెట్’ చాలా పాతది. 15వ శతాబ్దంలో ఆ మాటకి అర్థం పైకి నిలబెట్టడం, నెలకొల్పడం. అప్, సెట్ అనే రెండు ముక్కలు చెప్పేదీ అదే. తర్వాత ఎప్పుడో తలకిందులు చేయడం అనే అర్థం వచ్చింది, దాన్నుంచి మనసు చెదరడం వచ్చింది. పాత అర్థం ఇంగ్లీషు మాటల్లో దాదాపు పోయింది కానీ వేలంలో నిలిచింది. అప్‌సెట్ ప్రైస్ అంటే వేలానికి పెట్టిన మొదటి ధర. అంతకంటే తక్కువకి పాట ఒప్పుకోరు. మనవాళ్ళు దీనికి చక్కటి పేరు ఎప్పుడో పెట్టారు: సర్కారువారి పాట. ప్రకటన తెలుగులో వేసేవాళ్ళు ఆ మాటే వాడితే మీకు ఈ సందేహం వచ్చేది కాదు.

అమ్మా, మా వైపు సెటిల్‌మెంట్ అంటే భూమి కొలతలు, పట్టాలు. మా మనవడు టౌన్‌లో ఉంటాడు, వాడి దృష్టిలో సెటిల్‌మెంట్ అంటే రౌడీల పంచాయితీ. కోడలేమో ‘అబ్బాయి సెటిల్ అయ్యాకే పెళ్ళి’ అంటుంది. సెట్, సెటిల్ ఒకటేనా? ఈ మూడింటికీ పొత్తేమిటి?
– రైతు, కాశీనగరం

అయ్యా, సెట్, సెటిల్ ఒకే ఇంటివి. పాత ఇంగ్లీషులో ‘సెట్ల్’ అంటే ఆసనం. ఆసనం మీద స్థిరంగా కూర్చోవడం, కూర్చోబెట్టడం నుంచి ‘సెటిల్’ వచ్చింది. మహేంద్రతనయ వరద నీళ్ళు బిందెలో పోసి ఉంచితే మట్టి అడుగుకి చేరుతుంది కదా, ఇంగ్లీషులో దానికీ సెటిల్ కావడమనే అంటారు. మీ కోడలు చెప్పేది దాదాపు అదే. ఉద్యోగం, ఇల్లు, ఒక చోట నిలకడ.

మీ మనవడు చెప్పేదానిలో ఇంకో పాయ కలిసింది. పాత ఇంగ్లీషులో ‘సహ్త్’ అనే మాట ఉండేది, రాజీ అని అర్థం. దాని నుంచి వచ్చిన క్రియ ఉచ్చారణలో సెటిల్‌కి దగ్గరగా ఉండటంతో రెండూ కలిసిపోయి ఉంటాయని నిఘంటుకారులు చెబుతారు. తగువు తీర్చడం, బాకీ తీర్చడం అనే అర్థాలకి ఆ పాయ బలం ఇచ్చింది. బెదిరించి తేల్చే పంచాయితీకి ఆ పేరు పెట్టింది మాత్రం మన టౌన్లే.

ఇక మీ సెటిల్‌మెంట్. దీని గురించి నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన ప్రాంతపు చరిత్రంతా ఈ మాటలో ఉంది. భూమికి శిస్తు ఎంత, అది కట్టవలసింది ఎవరు అన్నది తేల్చి స్థిరపరచడాన్ని ఈస్టిండియా కంపెనీవాళ్ళు ‘సెటిల్‌మెంట్’ అన్నారు. 1793లో కారన్‌వాలిస్ బెంగాల్లో పర్మనెంట్ సెటిల్‌మెంట్ తెచ్చాడు. మద్రాసు ప్రభుత్వం 1802లో 25వ రెగ్యులేషన్ చేసి ఆ పద్ధతిని తన వైపుకీ తెచ్చింది. మన ప్రాంతం ఉన్న గంజాం జిల్లా అప్పుడు మద్రాసు కిందే ఉండేది. జమీందారు ప్రభుత్వానికి ఏటా కట్టే పేష్కషు శాశ్వతంగా స్థిరపడింది. పొలం దున్నే రైతు జమీందారుకి కట్టేది మాత్రం అలా స్థిరపడలేదు. పేరులో ‘శాశ్వతం’ ఉన్నా ఆ శాశ్వతం రైతుదాకా రాలేదు. నూట నలభై ఏళ్ళకి పైగా మన తాతముత్తాతలు మోసిన బరువు అది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పట్నం, దాని చుట్టూ ఉన్న భాగం ఒరిస్సాకి వచ్చింది, మిగతాది మద్రాసులో ఉండిపోయింది. రామమూర్తి పంతులుగారు అది భరించలేక ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. తర్వాత జమీందారీలు రద్దయ్యాయి. ఆ పక్క 1948 నాటి మద్రాసు చట్టంతో, ఈ పక్క 1951 నాటి ఒరిస్సా చట్టంతో. ఒకప్పుడు ఒకే జమీందారుకి శిస్తు కట్టిన రెండు పొలాలు రెండు చట్టాల కిందికి వెళ్ళాయి. మీ వైపు ఇప్పుడు జరిగే కొలతలకి ఆధారం 1958 నాటి ఒరిస్సా సర్వే, సెటిల్‌మెంట్ చట్టం. పాతపట్నంలో పొలం ఉన్నవాళ్ళు అడంగల్, 1–బి అంటారు. మనం ఖాతా, ప్లాటు, మౌజా అంటాం. మా అత్తవారింట్లో రెండు వైపులా కొంచెం కొంచెం భూమి ఉండేది. మామగారి ట్రంకు పెట్టెలో ఒడియా కాగితాలు ఒక మూట, తెలుగు కాగితాలు ఒక మూట ఉండేవి. ఒడియా చదవడం నేను నేర్చుకున్నది ఆ మూట కోసమే.

అందుకే మీకు ఒక విన్నపం. సెటిల్‌మెంట్ వాళ్ళు ఇచ్చే ఒడియా కాగితంలో తెలుగు ఇంటిపేర్లు ఒక్కోసారి ఒక్కో రకంగా పడతాయి. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి, చివర రాసే వాళ్ళ పద్ధతి కలిసి అయోమయం అవుతుంది. ముసాయిదా చూపించినప్పుడే ఒడియా చదవడం వచ్చిన మనవడినో మనవరాలినో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి. అభ్యంతరం చెప్పుకునే వీలు ఆ దశలోనే సులువు.

మేడమ్, నేను పర్లాకిమిడిలో లెక్కల టీచర్ని. మా ఒడియా పుస్తకంలో ‘సెట్’ అనే ఉంటుంది. పాతపట్నం నుంచి వచ్చిన పిల్లలు ‘సమితులు’ అంటారు. ఏది మంచిదో చెప్పండి. పిల్లలకి సమితి అంటే బ్లాక్ ఆఫీసు గుర్తొస్తోంది.
– ఒక ఉపాధ్యాయుడు

పిల్లలకి గుర్తొచ్చేది సరైనదే మాస్టారూ. మన ఒడిశాలో బ్లాకు స్థాయి సంస్థ పేరు పంచాయతీ సమితి. ఆంధ్రలోనూ మండలాలు రాకముందు ఉన్నవి సమితులే. ఐక్యరాజ్య సమితి ఎలాగూ ఉంది. సంస్కృతంలో ‘సమ్’ అంటే కలిసి, ‘ఇతి’ అంటే వెళ్ళడం. కలిసి వచ్చి కూడటం. ఋగ్వేదంలోనే ఈ మాట ఉంది. లెక్కల్లో ఈ శాఖకి మొదలు జర్మన్ గణితవేత్త గెయార్గ్ కాంటర్ 1874లో అచ్చువేసిన వ్యాసం అంటారు. ఆయన భాషలో దీనికి పేరు ‘మెంగె’, అంటే రాశి, సమూహం. ఇంగ్లీషువాళ్ళు ‘సెట్’ తీసుకున్నారు, మరాఠీవాళ్ళు ‘సంచ్’ అన్నారు, తెలుగువాళ్ళు ‘సమితి’ అన్నారు. ఒకరి వెంట ఒకరు నడిచి గుంపైన మాట వాళ్ళది, పదిమందీ కలిసి వచ్చి గుంపైన మాట మనది. రెండూ మనుషుల గుంపు నుంచే అంకెల దాకా వెళ్ళాయి.

పరీక్షలో ఏ పుస్తకం చదివితే ఆ మాటే రాయాలి కాబట్టి మీ తరగతిలో ‘సెట్’ అనే ఉండనివ్వండి. వివరించేటప్పుడు మాత్రం ‘సమితి’ని వాడుకోండి, అది మీకు చాలా సాయం చేస్తుంది. సభ్యుడు, ఉపసమితి అనే మాటలు పిల్లలకి బయట నుంచే తెలుసు. మూలకానికీ సమితికీ ఉన్న తేడా దగ్గరే పిల్లలు తడబడతారు. సమితి మెంబరు వేరు, సమితి వేరు అని చెప్పండి, ఒక్క మెంబరే ఉన్న సమితి కూడా ఆ మెంబరు కాదని చెప్పండి. శూన్య సమితి దగ్గర ‘ఎవరూ లేకపోతే సమితి ఎలా అవుతుంది?’ అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఎన్నికలు కాకముందు కూడా బ్లాకులో సమితి పేరు, బోర్డు ఉంటాయి, సభ్యుల జాబితా మాత్రం ఖాళీగా ఉంటుందని చెప్పండి. అలా అడిగిన పిల్లవాడిని బోర్డు దగ్గరికి పిలిచి, రెండు మీసాల బ్రాకెట్ల మధ్య ఏమీ రాయకుండా వదిలేయమనండి.